ఘాట్‌రోడ్డులో బిట్‌రేటు

డిగ్రీ అయిపోయి, ఉద్యోగం రాక, ఇంట్లో పాత కంప్యూటర్ ముందు కూర్చున్న ఆ రోజుల్లో నాకు లోకం మీద ఉన్నంత కోపం మళ్ళీ ఎప్పుడూ లేదు. ప్రతివాడూ నాకు శత్రువే. అందరిలోకీ పెద్ద శత్రువు రెండరింగ్ సెట్టింగులు. (తెలియనివాళ్ళ కోసం: కంప్యూటర్లో ఆడిన ఆటని రికార్డు చేస్తే సరిపోదు, దాన్ని కోసి, అతికించి, చివరికి ఒక వీడియోగా వండాలి. ఆ వంటే రెండరింగ్. ఉప్పెంత, నీళ్ళెంత అన్నట్టు బిట్‌రేటెంత, అంటే బొమ్మలో వివరం ఎంత పొయ్యాలి, ఫ్రేములెన్ని అని అది మనల్నే అడుగుతుంది. తెలిస్తే దాన్నెందుకు అడుగుతాం?)

మాది సాలూరు. మా వీధిలో మగపిల్లాడు పుడితే వాడికి స్టీరింగు అందేదాకా ఆగడమే ఆలస్యం అనుకుంటారు. నాన్న లారీ డ్రైవరు. అమ్మ తమ్ముడు చినమావ కూడా లారీ డ్రైవరే. నేనూ లారీ తోలేవాణ్ణే, కాకపోతే కంప్యూటర్లో. కొండదారుల్లో లారీ నడిపే ఆట అది. ఆడిందల్లా రికార్డు చేసి, నెట్‌లో ఒక ఛానెల్లో పెట్టుకుని బతుకుదామని నా ఆలోచన. నాన్న ఆలోచన మాత్రం సోమవారం నన్ను చినమావ పక్కన ఎక్కించి రాయపూర్ లైను నేర్పించడం. నేను అలిగి అన్నం మానేస్తే (పకోడీలు మానలేదు) ఆయన ఒక మెట్టు దిగాడు. "సరే, నువ్వు సేసిందేటో ఒకటి సూపించు. పనికొస్తాదనిపిస్తే ఆ కంప్యూటరే సూసుకో. నేదంటే సోమారం నోరెత్తకుండా బండెక్కు."

అంటే నా బతుకంతా ఒక్క వీడియో మీద పడింది. ఆ వీడియో సెట్టింగుల కోసం నెట్‌లో వెతికితే ఒకడు బిట్‌రేటు పెంచమంటాడు, ఇంకొకడు పెంచేవాడు మూర్ఖుడంటాడు. మూడోవాడు కొత్త గ్రాఫిక్స్ కార్డు కొనుక్కోమంటాడు, వాళ్ళ నాన్న కొని పంపిస్తున్నట్టు! విసుగొచ్చి అన్నీ ఆఖరిదాకా పెంచేశాను. కంప్యూటర్ పొద్దుట్నుంచి మధ్యాహ్నం దాకా రొప్పి, ఎలాగో వీడియోని బయటపెట్టింది. పెన్‌డ్రైవ్‌లో వేసి టీవీకి పెడితే, ఈ ఫైలు నాకు ఆడదు పొమ్మంది టీవీ. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటే ఇదే. అప్పటికే నాన్న చినమావని వెంటబెట్టుకుని భోజనానికి వచ్చేశాడు. సాయంత్రం లోడుతో వెళ్ళిపోతే మళ్ళీ సోమవారం ముందు దొరకడు. గత్యంతరం లేక బిట్‌రేటు నేలకి దించేసి, అన్నిటికంటే త్వరగా అయ్యే సెట్టింగు నొక్కాను. బేగి అయిపోయింది. టీవీ కూడా కిమ్మనకుండా ఆడించింది. కానీ బొమ్మే బొమ్మలా లేదు. కొండల్లో చెట్లు కదులుతుంటే ఒక్కో ఆకుకీ బిట్లు కావాలి. నేను ఇవ్వలేదు. అడవంతా చోడి అంబలిలా అలుక్కుపోయింది.

నాన్న, చినమావ చాప మీద కూర్చుని చూస్తున్నారు. నేను పక్కన నిలబడి ఇది ఎంత కష్టమైన పనో చెబుదామని గొంతు సవరించుకున్నాను.

"మంచు బాగా దిగిపోనాది బావా," అన్నాడు చినమావ.

"ఊఁ. ఇంత మంచులో ఆ స్పీడేటి?" అన్నాడు నాన్న. "ఒరే, లైట్లెయ్యవేటి?"

"అది మంచు కాదు నాన్నా! బిట్‌రేటు తక్కువైతే చెట్లు అలా ముద్దయిపోతాయి."

"ఏదైతే ఏటి? కనబడనప్పుడు బండాపాల."

ఇక చూడండి, నా రంగులు, నా కటింగులు, నా సంగీతం ఒక్కడు పట్టించుకుంటేనా! మలుపు మలుపుకీ తిట్లే. "అక్కడ గేరు దించాలి కదరా అల్లుడా!" "ఎదర బస్సొస్తన్నాది, అంచుకెళ్ళిపోతన్నాడు సూడు బావా!" ఇద్దరూ కలిసి నన్ను నిజంగానే లోయలోకి తోసేసేలా ఉన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. వీడియో గురించి చెప్పండ్రా బాబూ అంటే వినేవాడు లేడు. ఆ మంటలో కూడా ఒకటి చూశాను. మలుపు వచ్చినప్పుడల్లా నాన్న కుడికాలు చాప మీద గట్టిగా నొక్కుకుంటోంది, బ్రేకు ఉందనుకుని.

వీడియో అయిపోయింది. నాన్న చెమట తుడుచుకుని లేచాడు.

"ఈడికి బండి ఇవ్వకు," అన్నాడు చినమావతో. "సోమారం నేదు, ఎప్పుడూ నేదు." తర్వాత నా వైపు తిరిగాడు. "నువ్వు ఆ కంప్యూటర్లోనే తోలుకో నాయనా. అక్కడైతే లోయలో పడిపోయినా అన్నం యేళకి ఇంట్లో ఉంటావు."

కోరుకున్నదంతా ఆ ఒక్క మాటతో నా చేతికొచ్చేసింది. ఎగిరి గంతెయ్యాలి కదా? నేనేమో గుమ్మందాకా వెంటపడ్డాను. నేను బాగానే తోలానని, తప్పంతా సెట్టింగుదని, ఇంకొక్కసారి రెండర్ చేసి చూపిస్తానని, ఇది అన్యాయమని. "నీకు కావలిసిందదే కదరా, మరి ఏడుస్తావేటి?" అని అమ్మ విస్తుపోయింది. నిజంగానే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. పనికిమాలిన డ్రైవరని ముద్ర వేసి వరమివ్వడం ఏం వరం?

ఇప్పుడు అదే పనితో బతుకుతున్నాను. ఎవరెవరో ఆడిన ఆటలు నా దగ్గరికొస్తాయి. సెట్టింగులు చూసి వీడియోలు కట్టి ఇస్తాను, అడవిలో ఆకు ఆకూ విడిగా కనిపిస్తుంది. అయినా మొన్న ఒక పెళ్ళిలో చినమావ ఎవరితోనో "మా అల్లుడు మంచివోడే గానీ బండి తోల్నేడు" అంటుంటే విని, భోజనం మధ్యలో లేచి వెళ్ళి వాదించబోయాను. (మా ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.) ఆ సాయంత్రం గుర్తొస్తే మాత్రం నవ్వొస్తుంది. లోడుతో బయల్దేరిన నాన్న, లారీ వీధి మలుపు తిరిగేదాకా అద్దంలో నన్నే చూస్తూ ఉన్నాడు. నేనేమో రోడ్డు మధ్యన నిలబడి, చేతులూపుతూ, బిట్‌రేటంటే ఏమిటో ఆయనకి అరిచి చెబుతున్నాను.