కందీళ్లు తేలిన సీసపాదం

మొన్న బాన్సువాడ బస్టాండులో బీర్కూరు బస్సు కోసం కూర్చుని ఉండగా, పక్క బెంచీమీది యువతి ఒకామె లేచి వచ్చి నమస్కరించింది. ఎప్పుడో నా దగ్గర చదువుకున్నదట, ఇప్పుడు పిట్లం దగ్గర ఒక బడిలో తెలుగు చెబుతున్నదట. "సార్, గీ పద్యం మీ అక్కయ్యదేనంట గదా, మా పిల్లలకు చెప్పిన" అంటూ చేతిలోని ఫోను నా ముందు పెట్టింది. అరచేతి వెడల్పు కూడా లేని ఆ తెరమీద, సీసపద్యంలోని పొడుగాటి పాదమొకటి నాలుగు పొట్టి వరుసలుగా, ఒక్క అక్షరమైనా అంచు దాటకుండా ఒదిగి కూర్చుని ఉన్నది. ఆ పుట తయారైననాటికి ఇటువంటి ఫోనులు మా ఊళ్లో ఎవరి చేతిలోనూ లేవు. రాబోయే తెరలను తలచి దానిని ఎవరూ చేయలేదు. మసకబారుతున్న ఒక జత కళ్లకోసం చేశారు. ఆ చేయడంలో నావల్ల ఒక తప్పు జరిగింది. బస్సు ఎలాగూ ఆలస్యమే గనుక అదంతా మళ్లీ మనసులో మెదిలింది.

మా అక్క నాకన్న ఆరేళ్లు పెద్దది. బడిచదువు ఏడవ తరగతితో ఆగిపోయినా, నేను ఛందస్సు వల్లెవేస్తుంటే పక్కన బియ్యంలో రాళ్లు ఏరుకుంటూ విని, నాకన్న ముందే గణాలు కట్టడం నేర్చింది. నాకు పట్టా వచ్చింది, ఆమెకు పద్యం వచ్చింది. బీర్కూరులో వరి, చెరకు పండించే ఇంటికి కోడలై వెళ్లినా ఆ అలవాటు మానలేదు. తొంభైలలో ఆమె రాసిన పద్యాలకు నోటుపుస్తకమంటూ ఒకటి లేదు. ఫ్యాక్టరీవారిచ్చిన చెరకు చీటీల వెనుక, పెళ్లిపత్రికల వెనుక, చివరికి బస్సు టికెట్ల వెనుక కూడా రాసి, బిస్కెట్ల డబ్బాలో వేసి మూత పెట్టేది. "పుస్తకం కొనిస్తానక్కా" అని నేనంటే, "పుస్తకం ముంగట పెట్టుకుంటే పద్యం భయపడ్తదిరా తమ్మీ. చీటీ అయితే దానికి తెల్వకుంటనే వచ్చి కూసుంటది" అని నవ్వేది.

రెండువేల తరువాతి దశాబ్దం ముగియవస్తున్న రోజులలో ఆమె చూపు తగ్గసాగింది. అప్పటికి మా బావ పోయి మూడేళ్లు. నిజామాబాదు కళ్ల దవాఖానలో డాక్టరు, పోయిన చూపు తిరిగి రాదనీ, ఉన్నది ఎన్నాళ్లుంటుందో చెప్పలేననీ అన్నాడు. ఆ మాటకు అక్క కన్నీరు పెట్టలేదు. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని ఒకే ఒక్క కోరిక చెప్పింది. డబ్బాలోని పద్యాలన్నీ తన కళ్లతో ఒకసారి ఆసాంతం చదువుకోవాలి, ఉండవలసినవేవో, పోవలసినవేవో తానే తేల్చాలి. నేను చదివి వినిపిస్తానన్నాను. "నువ్వు చదివితే నీ గొంతు వినబడ్తది. నా పద్యం కనబడదు" అని కొట్టిపారేసింది. భూతద్దంతో ప్రయత్నించాము. అద్దంలో నాలుగక్షరాలు పట్టేసరికి మొదటి అక్షరం జారిపోయేది.

దారి చూపినది మా తమ్ముడి కూతురు. డిగ్రీ పూర్తిచేసి, ఇదే బస్టాండు దగ్గరి ఇంటర్నెట్ సెంటరులో వెబ్‌సైట్లు తయారుచేసే పని నేర్చుకుంటూ ఉండేది. ఆ సెంటరు యజమాని వర్ని దగ్గరి క్యాంపు మనిషి. వాళ్ల పెద్దలు కాలువనీళ్లను నమ్ముకుని కోస్తా నుండి వచ్చి స్థిరపడ్డవారు. అందరూ నన్ను సారూ అంటే, అతడొక్కడూ మాస్టారూ అనేవాడు. "పెద్దబాపు, కంప్యూటర్ల అక్షరం ఎంతంటే అంత పెద్దగ చేసుకోవచ్చు. అత్తమ్మ పద్యాలు వెబ్‌సైట్ పెడ్త" అని పిల్ల ఉత్సాహపడింది. తన విద్యను నాకు బోధపరచింది కూడా. చెప్పవలసిన మాట ఒక ఫైలులో ఉంటుందట. అది ఎలా కనబడాలో, ఎంత వెడల్పులో, ఏ రంగులో అన్నది సి.ఎస్.ఎస్. అనే మరొక లిపిలో వేరుగా రాస్తారట. వస్తువును ముట్టకుండానే అలంకారాన్ని మార్చవచ్చునట. అలంకారశాస్త్రం ముప్పై ఏళ్లు పాఠం చెప్పినవాడినై ఉండి, ఆ సంగతి విని కొంత అసూయపడ్డాను.

చీటీలన్నీ నేను ఇంటికి తెచ్చి, పొడుగాటి కాగితాలమీద శుద్ధప్రతి రాసి పిల్లకు ఇచ్చాను. ఇస్తూ ఒక ఆజ్ఞ కూడా జారీచేశాను. పద్యాలన్నిటిలోకి సీసం ఒడ్డూపొడుగూ గలది. దాని పాదం పాదమంతా ఒకే వరుసలో రావాలి, విరగరాదు అన్నాను. ఆ శుద్ధప్రతిలో ఒక్కచోట నా చేయి ఊరుకోలేదు. ఒక మాట మార్చాను. అక్కకు చెప్పలేదు.

పిల్ల నా ఆజ్ఞను శిరసావహించి, వరుసకు ఇన్ని పిక్సెళ్లని కొలత బిగించి, పాదాన్ని కదలకుండా కట్టేసింది. సెంటరులోని మంచి వెడల్పాటి తెరమీద అది రాజశాసనంలా ఉన్నది. ఒక ఉదయం అక్కను బీర్కూరు నుండి బస్సులో తీసుకువచ్చి ఆ తెర ముందు కూర్చోబెట్టాము. అక్షరం ఆమెకు ఆనడానికి పిల్ల మీట నొక్కుతూ పోయింది, అక్షరాలు పెరిగినకొద్దీ పాదం కుడివైపుకు సాగిపోయింది. అక్క కంటికి చాలినంత పెద్దవి అయ్యేసరికి తెరమీద మిగిలినది "కాలువ నీటిలో కా" అన్నంతవరకే. తక్కినదంతా అంచు దాటి ఎక్కడికో పోయింది.

"నా పద్యానికి పక్షవాతం వచ్చిందిరా తమ్మీ. కుడిపక్క మొత్తం పడిపోయింది" అన్నది అక్క.

యజమాని కంగారుపడి, "అమ్మగారూ, కింద పొడుగ్గా ఒక పట్టీ ఉంది చూడండి, దాన్ని పక్కకి లాగితే మిగతాది కనపడుద్దండి" అన్నాడు.

"పాదానికొక్కసారి గుంజాల్నా? నేను పద్యం చదువుతున్ననా, బాయిల నీళ్లు చేదుతున్ననా?" అని అక్క లేచి నిలబడింది.

వారం తిరిగేసరికి పిల్ల ఆ కట్లన్నీ తెంచేసింది. పిక్సెళ్లు తీసేసి, తెర వెడల్పులో ఇన్ని శాతమని రాసింది. ఇక తెర ఎంతైనా, అక్షరమెంతైనా వరుస తనంతట తాను కిందికి మళ్లుతుందట. మళ్లింది కూడా. అయితే ఎక్కడ చోటు చాలకపోతే అక్కడ, దారిలో దిగబడ్డ బండిలా ఆగి మళ్లింది. అక్క కళ్లు చికిలించి, ఒక్కొక్క వరుసా కూడబలుక్కుని చదివింది.

"కాలువ నీటిలో కాంతులు. తేలగా వరిచేలు నవ్వెను. వాడవాడ." చదివి నావైపు తిరిగింది. "గిదేందిరా, వరిచేలు తేలుతున్నయి? పైకెల్లి నవ్వుతున్నయి గూడ! తూము గిట్ల తెగిందా ఏంది?"

యజమాని, పిల్ల, నేను ముగ్గురం నవ్వాము. అక్కా నవ్వింది. ఆ నవ్వు ఆగిన తరువాత మళ్లీ మొదటి వరుసకు వంగి, చీరకొంగుతో కళ్లు తుడుచుకుని, "కాంతులా? ఏమో, నా కన్ను గూడ ఇగ దానిష్టమొచ్చింది చదువుతున్నది" అని గొణిగింది. ఆమె చదివినది సరిగానే ఉన్నది. అవునక్కా, అక్కడ అదే ఉన్నది అని ఆ క్షణాన నేను చెప్పవలసింది. చెప్పలేదు. ఆమె తన కంటిని అనుమానిస్తూ బస్సెక్కింది.

మరునాడు పిల్ల బిస్కెట్ల డబ్బా తెమ్మన్నది. మా వరండాలో చీటీలన్నీ పరచుకుని కూర్చుని, గాలికి ఎగిరిపోకుండా నా నిఘంటువులను వాటిమీద బరువు పెట్టింది. ఆ పద్యాన్ని అక్క మూడుసార్లు మూడు కాగితాలమీద రాసుకున్నది. పెళ్లిపత్రిక వెనుక పాదమంతా ఒకే వరుస. చెరకు చీటీమీద "కాలువ నీటిలో" మొదలు "తేలగా" వరకు ఒక వరుస, మిగిలిన సగం కొంచెం కుడికి జరిగి రెండవ వరుస. బస్సు టికెట్ మీద నాలుగు వరుసలు.

"పెద్దబాపు, నేను నెలరోజుల సంది కొట్లాడుతున్న పని అత్తమ్మ ఎన్నడో చేసి పెట్టింది" అన్నది పిల్ల. "కాగితం ఎంతున్నదో చూసుకొని విరుస్తుంది. కానీ ఏడబడితే ఆడ విరుస్తలేదు. గీ మూడు తావులనే."

ఆ తావులు నాకు తెలియనివి కావు. సీసపాదంలో ఎనిమిది గణాలుంటాయి. నాలుగింటికి ఒక సగం. ప్రతి సగంలోనూ మొదటి అక్షరానికి మూడవ గణం మొదటి అక్షరం జోడు కుదరాలి, దానినే యతి అంటాము. అక్క రెండేసి గణాలను ఒక ముడిగా కట్టి, ఆ ముడిని మాత్రం ఎన్నడూ విప్పలేదు. ముప్పై ఏళ్లు యతిస్థానాలకు మార్కులు వేసిన నేను, పాదం విరగరాదని పట్టుబట్టానే గాని, ఎక్కడ విరిస్తే నొప్పి తగలదో చెప్పలేకపోయాను. పిల్ల అదే సి.ఎస్.ఎస్.లో రాసింది. పాదానికి రెండు పెద్ద పెట్టెలు, ఒక్కొక్క పెద్ద పెట్టెలో రెండు చిన్న పెట్టెలు. చోటుంటే అన్నీ ఒకే వరుసలో నిలుస్తాయి. చాలకపోతే ముందు పెద్ద పెట్టె కిందికి దిగుతుంది, అప్పటికీ చాలకపోతే చిన్నది దిగుతుంది. చిన్న పెట్టె మాత్రం పగలదు.

చీటీలు ఎత్తిపెడుతూ పిల్ల ఒకటి నా కళ్ల ముందు ఆడించింది. "పెద్దబాపు, మూడింటిలనూ కందీళ్లు అని ఉన్నది. నువ్వు కాంతులు అని రాసిచ్చినవ్."

కందీలంటే మావైపు లాంతరు. ఉర్దూ నుండి వచ్చి మా ఇళ్లల్లో స్థిరపడ్డ మాట. తక్కినదంతా తేట తెలుగుగా ఉన్న పాదంలో అదొక్కటీ నా చెవికి గుచ్చుకున్నది. "పద్యంల ఆ మాట నప్పదు బిడ్డా, గణం సరిపోయింది గదా, నీకు తెల్వదు తియ్యి" అన్నాను.

"నా పని విరుపు వరకే. మాట సంగతి మీరు అక్కాతమ్ముళ్లు చూసుకోండ్రి" అని మూత పెట్టేసింది.

మూడవసారి అక్క వచ్చి కూర్చున్నది. పిల్ల మీట నొక్కింది. ఒక్క వరుసగా ఉన్న పాదం రెండయింది. మరి రెండుసార్లు నొక్కేసరికి నాలుగయింది. అంచు ఒక్క అక్షరమూ దాటలేదు. అక్క తెరకు జానెడు దూరంలోకి జరిగి, ఎడమ అంచు వెంట వేలు నడిపించింది. "కా... కాం... వ... వా. యతులన్నీ ఒకదాని కింద ఒకటి నిలబడ్డయి. ఎంత ముద్దుగున్నదిరా, గోడకు మొలలు కొట్టినట్టు" అని మురిసింది. తరువాత ఆ వేలు వెనుకకు జరిగి రెండవ వరుసమీద ఆగిపోయింది. తెరలో తప్పు లేదు. విరుపులో తప్పు లేదు. వరుసలన్నీ నిలువునా స్పష్టంగా కనబడుతున్నాయి గనుక కంటిలోనూ తప్పు లేదు. ఇక మిగిలినవాడిని నేనొక్కడినే.

"కాంతులు. నా కన్ను మంచిగనే చదివిందిరా మొన్న. గిది నీ చెయ్యి" అన్నది, నావైపు తిరగకుండానే.

నేను తడబడుతూ, భాష ఏకరీతిగా ఉండాలనీ, వన్నె అనీ ఏదో అన్నాను.

"కాంతులెవలియిరా? సూర్యునియా, చంద్రునియా? ఎవలియైనా గావచ్చు. కందీలంటే మీ బావ. వంతు నీళ్లకు పోతే చేతిల గదే ఉంటుండె. గట్టు మీద నడుస్తుంటే నీళ్లల్ల గది తేలుకుంట పోయేది. వాకిట్ల నిలబడి గా వెలుతురు చూసి, మనిషి ఏడిదాక వచ్చిండో పోల్చుకుంటుంటి. నువ్వు మాట మార్చినవ్, నాకు మనిషి కనబడ్తలేడు."

"తప్పయిందక్కా" అన్నాను. యజమాని మెల్లగా, "మార్చెయ్యమ్మా, ఇప్పుడే మార్చెయ్యి" అని పిల్లను తొందరపెట్టాడు. కాంతులుకన్న కందీళ్లు ఒక మాత్ర ఎక్కువ. పిల్ల మాట మార్చగానే చిన్న పెట్టె తనంతట తాను కొంచెం వెడల్పయింది. పాదంలో మరెక్కడా కదలిక లేదు. అక్క నాలుగు వరుసలూ పైకి చదువుకున్నది.

కాలువ నీటిలో
కందీళ్లు తేలగా
వరిచేలు నవ్వెను
వాడవాడ

"ఆఁ, గిప్పుడు వస్తుండు" అన్నది.

ఆ తరువాత యాసంగి పంటకాలం పొడుగునా వారానికొకసారి వచ్చి కూర్చుని, డబ్బాలోని పద్యాలన్నీ తన కళ్లతోనే చదివింది. నేను భేషన్నవాటిలో పదకొండింటిని నిర్దాక్షిణ్యంగా తీసివేయించింది. నేను పెదవి విరిచిన కొన్నింటిని ఉంచింది. కారణం అడిగే సాహసం నాకు మళ్లీ కలగలేదు. మరుసటేడు కాలువకు నీళ్లు వదిలేనాటికి అక్షరం ఎంత పెద్దదైనా ఆమెకు ఆనలేదు. అప్పటికి ఆమె పని పూర్తయింది. ఇప్పటికీ నేను వెళ్లినప్పుడల్లా మంచం పట్టెమీద చేత్తో తట్టి కూర్చోమని, "మల్ల ఏమన్న దిద్దినవా?" అని నవ్వుతుంది.

బస్టాండులో ఆ యువతిని అడిగి ఫోను ఒక్క నిమిషం చేతికి తీసుకున్నాను. అడ్డంగా తిప్పితే పాదం రెండు వరుసలై నిలిచింది, నిలువుగా తిప్పితే మళ్లీ నాలుగయింది. ఇంతలో బీర్కూరు బస్సు వచ్చింది. ఇన్నేళ్లలో కాలం నన్నూ, ఊరినీ, మనుషులు చూసే తెరలనూ ఎన్ని విధాల తిప్పినా, గట్టుమీద నడిచే ఆ మనిషి మాత్రం చేతిలో కందీలుతో ఇంకా ఇంటివైపు వస్తూనే ఉన్నాడు.