చిల్లుగారు బిగించిన గొట్టం

ఆయనకి ఆ పేరు పెట్టింది ఫ్యాక్టరీ. గొట్టాల డిజైను విభాగంలో చేరిన కొత్తలో, ఏ మీటింగైనా సరే, అందరూ టీలు తాగేసి కుర్చీలు వెనక్కి జరుపుతున్న సమయానికి ఆయన గొంతు సవరించుకునేవాడు. "అంతా బాగానే ఉంది. కానీ పైతోలుకి చిల్లు పడిందనుకోండి, అప్పుడో?" అనేవాడు. లేచినవాళ్ళు ఉసూరుమంటూ మళ్ళీ కూర్చునేవాళ్ళు. అలా చిల్లుగారయ్యాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు, ఈ పేరు పృథివి దాకా ఎందుకు, గేటు దాటి నేరుగా ఆయనింటికే వెళ్ళింది. మోసుకెళ్ళింది సొంత బావమరిది. వాడూ అదే ఫ్యాక్టరీలో పనిచేస్తాడు మరి.

నిజం చెప్పాలంటే ఆ ప్రశ్నలో తప్పేం లేదు. ఆయన గీసే గొట్టం సముద్రం అడుగు నుంచి పైన తేలే ఓడ దాకా చమురు మోస్తుంది. ఓడ ఊగితే గొట్టమూ వంగాలి, అందుకని దాన్ని ఒకే ముద్దగా పోత పొయ్యరు, పొర మీద పొర చుడతారు. అన్నిటికంటే లోపల, సన్నటి స్టీలు పట్టీని అంచుకి అంచు కొక్కెం తగిలేలా మెలిపెట్టి చుట్టిన గూడు. దాని మీద చమురు కారకుండా ప్లాస్టిక్ పొర, దాని మీద ఇనప తీగల చుట్లు, అన్నిటికీ పైన నల్లటి పైతోలు. బయట నుంచి సముద్రం పగలనక రాత్రనక నొక్కుతూనే ఉంటుంది. తోలు బాగున్నంతకాలం పొరలన్నీ కలిసికట్టుగా ఓర్చుకుంటాయి. తోలు ఎక్కడన్నా చిరిగిందో, నీళ్ళు తీగల సందుల్లోంచి దూరి లోపలి ప్లాస్టిక్ మీద కూర్చుంటాయి. అప్పుడు బరువంతా ఆ సన్నటి గూడు ఒక్కటే మొయ్యాలి. మొయ్యలేకపోతే గొట్టం తొక్కిన డబ్బాలా చదునైపోతుంది. కాబట్టి మన చిల్లుగారు తోలు లేదనుకునే లెక్క కట్టేవాడు. పరీక్షకి ముందు చాకు పుచ్చుకుని, తను గీసిన గొట్టం తోలు తన చేత్తోనే బారెడు కోసేవాడు.

చిక్కల్లా ఏమిటంటే, ఆయన ఇంట్లోనూ ఇదే లెక్క. మబ్బు పట్టకుండానే గొడుగు, గొడుగు మర్చిపోతానేమోనని సంచిలో ఇంకో గొడుగు. ఇంటి తాళానికి మారు చెవి పక్కింట్లో, పక్కింటివాళ్ళు ఊరెళ్తారేమోనని మరొకటి ఎదురింట్లో. "మీరు వాన పడకముందే తడిసిపోయే మనిషండీ," అనేది ఆయన భార్య, ముందుగదిలో కుట్టుమిషను తొక్కుతూ. ఆవిడ దగ్గర జాకెట్లు కుట్టించుకునే ఆడవాళ్ళందరికీ ఆయన భయాల జాబితా కంఠతా వచ్చు. కొలతలివ్వడానికి వచ్చి, ఇవాళ కొత్తగా ఏం భయం వేసిందట అని అడిగి మరీ పోయేవాళ్ళు.

ఇక ఆవిడ తమ్ముడి సంగతి. ఫ్యాక్టరీ చివర రేకుల షెడ్డులో ఒక పెద్ద ఇనప తొట్టి ఉంది. దాని గోడ మందం మూరెడు. గొట్టం ముక్కని దాన్లో పడుకోబెట్టి, మూత బిగించి, పంపుతో నీళ్ళ ఒత్తిడి ఎక్కించుకుంటూ పోతారు. ఎక్కడో ఒకచోట లోపల 'ధబ్' మంటుంది, ఒత్తిడి చూపే ముల్లు టపీమని పడిపోతుంది, గొట్టం పని అయిపోయినట్టు. ఆ ధబ్ అనేది కొనేవాళ్ళు అడిగిన ఎర్రగీత దాటాక వినపడితే గెలుపు, దాటకముందే వినపడితే పరువు గంగపాలు. ఆ పంపు మీట బావమరిది చేతిలో ఉంటుంది. బావ కట్టాలి, బావమరిది పగలగొట్టాలి, దానికి కంపెనీ ఇద్దరికీ జీతమిస్తుంది. ఇంతకంటే ధర్మబద్ధమైన చుట్టరికం లోకంలో ఉండదని వాడి వాదన. ధబ్ అన్న రోజల్లా సాయంత్రం అక్క ఇంటి గుమ్మంలో చెప్పులు విప్పుతూనే, "అక్కా, మీ ఆయన్ని ఇవాళ టిఫిను టైముకే పడగొట్టేశా," అని అరిచేవాడు. ఆవిడ కుట్టుమిషను ఆపి మరీ నవ్వేది. మొగుడనే జాలి లేదు.

అంతా ఇలా నవ్వులాటగా సాగుతుండగా పెద్ద మేనేజరు వచ్చి కూర్చున్నాడు. లోపలి గూడు పట్టీ ఇంత మందం ఎందుకు, పోటీవాళ్ళు సన్నగా చేస్తున్నారు కదా అన్నాడు. చిల్లుగారు తన చిల్లు ప్రశ్న వేశాడు. మేనేజరు ఆ ప్రశ్న మీదుగా కిటికీలోంచి బయటకి చూశాడు. చివరికి తేల్చింది ఏమిటంటే, సన్నపట్టీతో గొట్టం చెయ్యాలి, కొనేవాళ్ళ ఎదుట పరీక్షలో అది గీత దాటాలి. దాటకపోతే విభాగం మూసేస్తారు, తొట్టి తుక్కుకింద పోతుంది, గొట్టాలు బయట నుంచి కొనుక్కుంటారు. అంటే బావా బావమరుదులు ఇద్దరూ ఒకే పూట ఇంట్లో కూర్చుంటారు.

చిల్లుగారు లెక్క కట్టాడు. కట్టి, మళ్ళీ కట్టాడు. గీత దాటుతుంది, కానీ జుట్టు పట్టుకుని ఈడిస్తే దాటినట్టు దాటుతుంది. గొట్టం చక్కగా గుండ్రంగా ఉన్నంతసేపే ఆ లెక్క. గుండ్రంగా ఉంటే నీళ్ళు అన్ని వైపులా సమానంగా నొక్కి ఊరుకుంటాయి. ఏ కాస్త సొట్ట ఉన్నా, నొక్కేకొద్దీ ఆ సొట్టే పెరుగుతుంది. ఇక చూడండి ఆయన అవస్థ. చుట్టే హాల్లో యంత్రం పక్కనే కాపు కాశాడు. గొట్టం మీద ఎవడన్నా చెయ్యి ఆనించినా కసురుకున్నాడు. ఒకతను మధ్యాహ్నం క్యారేజీ తెచ్చుకుని దాని మీద కూర్చోబోతే, అతని ఏడు తరాలనీ తలుచుకున్నాడు.

పరీక్షనాడు పొద్దున్నే గొట్టం ముక్కని లారీ ఎక్కించారు. హాలు నుంచి షెడ్డుకి ఆవరణ దాటడమే, నడిస్తే చుట్ట వెలిగించుకునేలోపు వెళ్ళిపోవచ్చు. లారీ వెనక అడుగూ పక్క రేకూ కలిసే మూలకి గొట్టాన్ని ఆనించి, పైనుంచి ఏటవాలుగా గొలుసు వేసి కట్టాడు డ్రైవరు. చిల్లుగారు చుట్టూ తిరిగి చూశాడు. మలుపులో దొర్లితే? ఆయనే లారీ ఎక్కి, గొలుసు బిగించే మీట పట్టుకుని ఒక లాగు లాగాడు. దిగబోయి, ఆలోచించి, ఇంకో లాగు లాగాడు.

"సార్, అది గొట్టం సార్, పారిపోదు," అన్నాడు డ్రైవరు.

"నీకేం తెలుసు, నువ్వు ముందుకి చూసి నడుపు," అని మూడో లాగు కూడా లాగాడాయన.

షెడ్డులో కొలతలు తీసే ఆయన గొట్టాన్ని నిలువుగా ఒకసారి, అడ్డంగా ఒకసారి కొలిచాడు. రెండూ అచ్చం ఒకటే. బ్రహ్మాండంగా గుండ్రంగా ఉంది అన్నాడు. ఆ ఫ్యాక్టరీలో మొదట్నుంచీ అంతే, నిలువూ అడ్డమూ కొలిచి గుండ్రం అనేస్తారు. కొనే కంపెనీ తరఫున వచ్చిన ఇన్‌స్పెక్టరమ్మ తలాడించింది. పొట్టిగా, కళ్ళజోడు తాడుకి వేలాడేసుకుని, ఎవరు ఏం చెప్పినా "ఊఁ" అనే మనిషి. ఆవిడ ముందే చిల్లుగారు చాకు తీసి పైతోలు కోశాడు.

తొట్టిలో పెట్టేముందు చివరి పని, గొట్టంలోంచి చెక్కగుండు ఒకటి తాడుతో లాగడం. లోపల దారి సాఫీగా ఉందో లేదో దానితో తెలుస్తుంది. బావమరిది తాడు లాగుతూ ఈల వేస్తున్నాడు. గుండు సగం దూరం వచ్చి ఆగిపోయింది. ఈల కూడా ఆగిపోయింది.

"బావా, ఇటు రా ఒకసారి," అన్నాడు. వాడు ఆయన్ని ఎగతాళి లేకుండా పిలవడం అదే మొదటిసారి.

టార్చి వేసి చూశారు. దారికి అడ్డుగా ఏమీ లేదు. చిల్లుగారు కొలత పరికరం లాక్కుని, నిలువూ కాకుండా అడ్డమూ కాకుండా మూలగా పెట్టి కొలిచాడు. ఒక ఏటవాలున కొలిస్తే తక్కువ, దానికి ఎదురు ఏటవాలున ఎక్కువ. గొట్టం ఏటవాలుగా నొక్కుకుపోయి ఉంది, అందుకే నిలువూ అడ్డమూ ఒక్కలాగే కనపడ్డాయి. ఏటవాలుగా నొక్కింది ఏమిటో ఆయనకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. మీట పట్టిన చేతికి ఆ మూడో లాగు ఇంకా తెలుస్తూనే ఉంది.

పెద్ద మేనేజరుకీ అర్థమైంది. "లారీ మీద కట్టిందెవడు? వాణ్ణి పిలవండి!" అన్నాడు. డ్రైవరు అప్పటికే గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. అతను చిల్లుగారి వైపు చూడలేదు, చెప్పులవైపు చూసుకుంటున్నాడు. కావాలంటే చిల్లుగారు ఆ నిమిషం నోరు మూసుకుని ఊరుకోవచ్చు. ఊరుకుందామని ఆయనకి అనిపించింది కూడా, అందులో దాచేదేముంది. ఇన్నేళ్ళుగా ఊరందరినీ చేతులు జాగ్రత్త అని తిట్టిన మనిషి, ఇప్పుడు ఏ మొహంతో చెబుతాడు?

"బిగించింది నేనండీ," అన్నాడు. "అతను కట్టింది సరిగ్గానే కట్టాడు. నేనే భయపడి ఇంకా బిగించాను."

షెడ్డులో ఎవరో కిసుక్కుమన్నారు. ఈ కథ రేపటికి ఎన్ని గదులు తిరుగుతుందో చిల్లుగారికి తెలుసు. మేనేజరు తేరుకుని, ఇంకో ముక్క సిద్ధంగా ఉంది, మధ్యాహ్నానికి పెట్టేద్దాం అని నవ్వు పులుముకున్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మ కళ్ళజోడు పెట్టుకుంది. "ఓడ మీద గొట్టాలు కట్టేవాళ్ళు ఈయనకంటే ధైర్యస్థులా?" అని అడిగింది.

ఆవిడే వంగి గొట్టం మీద ఆ నొక్కుని వేలితో తడిమింది.

"గాలివానలో కడతారు వాళ్ళు. ఇంకా గట్టిగా బిగిస్తారు. దీన్నే పెట్టండి," అంది.

పెట్టారు. ముల్లు మెల్లగా ఎక్కింది. గీతకి ఇంకా బెత్తెడు ఉందనగా 'ధబ్' మంది. ఎప్పుడూ ఆ చప్పుడుకి చప్పట్లు కొట్టే బావమరిది మీట వదిలేసి తల గోక్కున్నాడు.

ఇన్‌స్పెక్టరమ్మ టీ తాగడానికి బయటికి వెళ్ళగానే మేనేజరు చిల్లుగారి భుజం మీద చెయ్యి వేశాడు. "చూడండి, రెండో ముక్క మంచిది. అది దాటుతుందని మీకూ తెలుసు. మొదటిది దెబ్బతిన్న ముక్క, లెక్కలోకి రాదని మీరొక్క మాట చెబితే ఆవిడ వింటుంది. డిజైను చేసింది మీరే కదా."

"చెప్పేయ్ బావా," అన్నాడు బావమరిది మెల్లగా. "తొట్టి పోతే నాకింకో పని రాదు. పగలగొట్టడం తప్ప నాకేం వచ్చు?"

వాడికి ఇంట్లో ఇంకా స్కూలు దాటని పిల్లలు. పైగా మేనేజరు చెప్పింది అబద్ధం కాదు, రెండో ముక్క దాటుతుంది. కానీ ఆయన ఇన్నాళ్ళూ తోలు చిరుగుతుందని భయపడ్డాడు, అలకి భయపడ్డాడు, తుప్పుకి భయపడ్డాడు. భయపడే మనిషికి మాత్రం భయపడలేదు. గొలుసు ఉన్న ప్రతిచోటా తనలాంటివాడు ఒకడు ఉంటాడు, మూడో లాగు లాగుతాడు. వాడి చేతిలో పడ్డ గొట్టం సముద్రంలో చదునైతే పైన ఓడ మీద మనుషులుంటారు.

బయటికి వెళ్ళాడు. ఇన్‌స్పెక్టరమ్మ మెట్టు మీద కూర్చుని టీ ఊదుకుంటోంది.

"అమ్మా, ఇందాక వచ్చిన అంకే నిజం. అదే రాసుకోండి. పట్టీ సన్నబడింది, మందం పెంచాలి. పెంచితే బరువు పెరుగుతుంది, మీకు ఆలస్యమూ అవుతుంది. మీరు వేరేవాళ్ళ దగ్గరికి వెళ్ళినా నేనేం అనలేను," అన్నాడు ఒక్క గుక్కలో.

"ఊఁ," అంది ఆవిడ. టీ గ్లాసు మెట్టు మీద పెట్టి, "వేరేవాళ్ళ దగ్గరా గొలుసులే ఉంటాయి. మందం పెంచి తీసుకురండి. కానీ ఆ ముక్కని కూడా అదే లారీలో, అదే మూలకి, మీరే బిగించాలి," అంది.

మేనేజరు నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. విభాగం ఉంటుందో ఊడుతుందో అది తేలాకే అన్నాడు.

మందం పట్టీ గొట్టం సిద్ధమైన రోజున ఫ్యాక్టరీ అంతా లారీ చుట్టూ మూగింది. చిల్లుగారు ఎక్కి మీట పట్టుకున్నాడు. ఒక లాగు. రెండు. డ్రైవరు నవ్వు ఆపుకుంటూ, "ఇంకా దొర్లుతుందేమో సార్," అన్నాడు. ఆయన కసిగా మూడోది లాగి, ఒళ్ళంతా చెమటతో దిగాడు. షెడ్డులో ఈసారి నిలువూ, అడ్డమూ, రెండు మూలలూ కొలిచారు. కాస్త నొక్కుకుంది. నొక్కుకుందనే రాసుకున్నారు. తోలు కోసి, తొట్టిలో పెట్టి, మూత బిగించారు.

ముల్లు ఎక్కుతోంది. పాత ముక్క చచ్చినచోటు దాటింది. ఎర్రగీత దగ్గరికొచ్చింది. దాటింది. షెడ్డంతా కేకలు, ఈలలు. మేనేజరు ఎవరినో కావలించుకున్నాడు. చిల్లుగారు అక్కడే బల్ల మీద కూలబడ్డాడు. కళ్ళ నీళ్ళు కారిపోతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

"దాటేసింది బావా, చాలు. ఆపేస్తా," అన్నాడు బావమరిది. మీట మీంచి చెయ్యి తీసేశాడు కూడా.

"ఆపకురా, ఎక్కించు. ఎక్కడ చస్తుందో తెలియాలి నాకు," అన్నాడు చిల్లుగారు.

బావమరిది అరచెయ్యి ప్యాంటుకి తుడుచుకుని మళ్ళీ మీట పట్టుకున్నాడు. ముల్లు కదిలింది. బల్ల మీద కూర్చున్న చిల్లుగారికి పంపు చప్పుడులో వాడి గొంతు సన్నగా వినిపించింది. జీవితమంతా బావ గొట్టాలు పగలగొట్టి బతికినవాడు, పంపు మీట నొక్కుతూ, "పగలకే, పగలకే తల్లీ," అని గొణుక్కుంటున్నాడు.