ఆకులు అడ్డం పడితే

ఉత్తరాది కొండల్లో మేం చూడ్డానికి వెళ్లిన చిన్న పట్నానికి మున్సిపాలిటీ సొంత జలవిద్యుత్ కేంద్రం ఉంది. దాని పక్కనుంచి నడుస్తుండగా మా రెండేళ్ల పాపకు ఆయాసం మొదలైంది. నెబులైజర్ పట్టుకుని, ప్లగ్గు కోసం లోపలికి పరుగెత్తాను.

"ఏడ్వకు బిడ్డా" అని పాపను ఊరడిస్తుంటే, తెలుగు మాట విని అక్కడి ఆపరేటర్ తిరిగి చూశాడు.

"ఏ ఊరక్కా మీది? నాది నెల్లికుదురు."

"బచ్చన్నపేట" అన్నాను, ప్లగ్గు పెడుతూ.

కాసేపటికే బల్బు మసకబారింది. మందు ఆవిరి పలచబడింది.

"ఎవరికన్నా ఫోన్ చెయ్యి తమ్ముడూ."

"ఫోనెందుకక్కా? బల్బులు మసకబారుడు ఊరంత సూస్తనే ఉన్నది. నీళ్లొచ్చే జాలీకి ఆకులు అడ్డం పడ్డయి. జర ఆగు."

అతని వెనకే గుమ్మం దాకా వెళ్లాను. టీ కొట్టు ఆమె, దర్జీ, ఇద్దరు కాలేజీ అమ్మాయిలు ఇనుప పళ్ల కర్రలతో అప్పటికే కాలువ గట్టున ఉన్నారు. వాళ్లు ఆకులు లాగేకొద్దీ నీటి హోరు పెరిగింది, బల్బు తెల్లబడింది. పాప ఊపిరి కుదుటపడింది. ఊరి వెలుగంతా ఆ నాలుగు కర్రల మీద నిలబడటం నోరు తెరిచి చూశాను.

మర్నాడు మధ్యాహ్నం మా బస గదిలో బల్బు మసకబారింది. పాపను మా ఆయన చేతికిచ్చి తలుపు తీశాను. ఇంటావిడ రెండు కర్రలతో నిలబడి ఉంది.