సెనేటర్ బూటు అతుకు

అమెరికాలో మా సెనేటర్ హార్లన్ పెక్ మీటింగుల్లో కాలెత్తి, పొదుపంటే ఇదీ అంటూ బూటు అడుగున అతుకు చూపిస్తాడు. గవర్నరుగా ముసలివాళ్ళ బస్సు ఆపించిన నాడూ అదే చూపించాడు. బస్సు లేక, మోకాళ్ళ నొప్పుల ధనమ్మకు గుడే దూరమైంది. ఇన్నేళ్ళకూ అరగని అతుకేమిటని ఆమెకు అనుమానం. మొన్న ఓట్ల కోసం ఆయన మా గుడికొచ్చి, బూట్లు విప్పి లోపలికి వెళ్ళాడు. అక్క కూతురు ఉమ కారులో వచ్చిన ధనమ్మ ఒక బూటు తిరగేసింది.

"ఇదేంటే ఉమా, అతుకేదీ? అడుగు అద్దంలా మెరుస్తోంది!"

"అయ్యో, కింద పెట్టు పిన్నీ! సెక్యూరిటీ వాళ్ళు చూస్తున్నారు."

ఆయన తిరిగొచ్చాక ధనమ్మ ఉమచేత ఇంగ్లీషులో బస్సు సంగతి అడిగించింది.

"పొదుపు తప్పదంటున్నాడు పిన్నీ," అంది ఉమ.

ఆయన అలవాటుగా కాలెత్తాడు. ఉత్త మేజోడే కనిపించింది. బూటింకా ధనమ్మ చేతిలోనే ఉంది.

"బస్సొచ్చేదాకా ఇవ్వనని చెప్పవే!"