గ్రామసేవికమ్మ పెట్టించిన గడియ

మా గ్రామసేవికమ్మ పోయింది. పొద్దున కోదాడ బస్సు దిగిన బడిపంతులు ఆ కబురు చెప్పేసరికి నేనూ మా అత్తమ్మా బియ్యం చెరుగుతున్నాం. ఆమె గురించి ఏడుస్తూ రాయడం నాకు చేతకాదు. తలుచుకుంటే నవ్వే వస్తుంది, ఏం చేయను!

నడిగూడెం పక్కన మా ఊరు. ఆమె మా ఇంటికి వచ్చినప్పుడు నాకు ఎనిమిదో నెల, పైన ముసురు. చెంబు పట్టుకుని తుమ్మల్లోకి నడవలేక, పగలంతా నీళ్లు కూడా తాగకుండా బిగబట్టుకునేదాన్ని. కాళ్లు వాచిపోయాయి. బ్లాకు ఆఫీసు తరఫున ఊళ్లు తిరిగే ఈమె అది చూసి, దగ్గరుండి మా పంచలోకి తలుపు పెట్టి మరుగుదొడ్డి కట్టించింది. వారం తర్వాత వచ్చి తలుపు తీస్తే నిండా పిడకలు!

"వానకు తడుస్తయని పెట్టిన బిడ్డా. గింత మంచి కప్పు ఊళ్లె ఇంకేడున్నది?" అన్నది అత్తమ్మ.

"బాగుంది పెద్దమ్మా! పిడకలకేమో మేడ, కోడలికేమో తుమ్మచెట్లా?" అంది గ్రామసేవికమ్మ. ఆమెది కోదాడ మాట.

"ఇంట్ల ఎట్ల పోతరమ్మా? బయటికి పోయొస్త అంటం గని, లోపటికి పోయొస్త అంటమా?"

నాకు ఒళ్లు మండిపోయింది. ఒక్క మాట కోసం నేను చావాలా! ఆమె మాత్రం కోప్పడలేదు. కాసేపు ఆలోచించి ఒక్కసారిగా చప్పట్లు కొట్టింది. మర్నాడే మేస్త్రీని వెంటబెట్టుకొచ్చి, పంచవైపు తలుపు పీకించి గోడ పెట్టించింది. దొడ్డివైపు కొత్త తలుపు, దానికి లోపల ఇనుప గడియ.

"చూడు పెద్దమ్మా, ఇప్పుడు ఇంట్లోంచి బయటికి పోతేగాని ఇది దొరకదు!"

అత్తమ్మ ముక్కు మీద వేలేసుకుంది. వాడంతా చూస్తుండగా పిడకలన్నీ తనే ఎత్తి బయట పడేసింది. "కోడలు ఒట్టి మనిషి గాదు, పురుగు గిరుగు ఉంటే? ముందుగాల నేను సూసొస్త" అని తలుపు వేసుకుంది. ఎంతకూ రాదు! లోపల టక్కు టక్కుమని ఒకటే చప్పుడు. గాభరాపడి పిలిచాం.

"జర ఆగుండ్రే! గీ గడియ ఏస్తున్న, తీస్తున్న. పుట్టి బుద్ధెరిగినంక గిట్ల తలుపేసుకొని కూసున్నది లేదు!"

గ్రామసేవికమ్మ నవ్వి నవ్వి గోడకు ఆనుకుని కూలబడింది. అత్తమ్మ బయటికొచ్చాక నేను పోయాను. అబ్బ, ఎంత హాయి! ఆ పూట కడుపునిండా నీళ్లు తాగాను.

అప్పటినుంచి ఆమె ఏ గడప తొక్కినా "బాగున్నారా" అనేది కాదు, "గడియ పడుతోందా?" అనేది. ఆ కాన్పులో పుట్టిన మా పిల్ల ఇప్పుడు పలక పట్టుకుని బడికి పోతోంది.

ఇవాళ కబురు వినగానే అత్తమ్మ చాట పక్కన పెట్టి లేచింది. "బయటికి పోయొస్తనే" అని దొడ్డివైపు నడిచింది. ఎంతకూ రాలేదు. నేను పిలవలేదు. లోపల గడియ పడింది. తెరుచుకుంది. మళ్లీ పడింది.