కడిగిన నిజాం నోటు

మా చిన్నప్పుడు... ఆర్మూర్‌లో మా వాకిలి నిండా పసుపు కొమ్ములు ఎండుతున్న ఒక రోజు, నాయనమ్మ సందూకు తెరిచి ఒక పాత నోటు నా చేతిలో పెట్టింది. నిజాం కాలం నాటి పది రూపాయలు... ఉర్దూతో పాటు మన తెలుగు అక్షరాలూ ఉన్నాయి. ఒళ్లంతా పసుపు మరకలే.

"గిది అమ్మి సైకిల్ కొనుక్కో బిడ్డా. మీ నాయిన కొనియ్యడు" అంది.

నాకప్పుడు పన్నెండేళ్లు. ఆడపిల్లకు సైకిలెందుకని నాన్న పట్టు... కొని తీరాలని నా పట్టు.

మా ఇంట్లో పసుపును ఉడికించి, ఎండబెట్టి, డ్రమ్ములో తిప్పి పాలిష్ పట్టాకే మార్కెట్‌కు తీసుకెళ్లేవారు. మెరిస్తేనే ధర అని పుట్టినప్పటి నుంచీ వింటున్నదాన్ని, నోటును ఊరికే తీసుకెళ్తానా? కుంకుడు రసంతో మరకలు పోయేదాకా కడిగి, ఆరబెట్టి, ఇస్త్రీ కూడా చేశాను! ఏం తెలివో చూడండి...

నిజామాబాద్‌లో పాత నోట్లు కొనే పెద్దాయన దాన్ని వెలుతురుకు పట్టి చూసి తల పట్టుకున్నాడు.

"ఎవలు కడిగిండ్రు దీన్ని? మరకలుంటే ఏమైతుండె? ఆరు వందలిస్తుంటి. కడిగితె నోటు అసలుదనం పోతది. ఇప్పుడు యాభై."

కళ్లలో నీళ్లు తిరిగాయి... "నేనమ్మను" అని నోటు లాక్కుని బస్సెక్కాను.

ఇంటికొచ్చి వెక్కి వెక్కి ఏడిస్తే నాయనమ్మ కొంగుతో నా కళ్లు తుడిచింది. "ఊకో. గసొంటి నోట్లు ఇంకెందరి ఇండ్లల్ల లేవు? పోయి అడుగు" అంది.

అడిగాను. ఆదివారం వస్తే చాలు... బాల్కొండ, మాక్లూర్, చుట్టాలున్న ఊరల్లా తిరిగాను. "పాత నోట్లుంటె ఇయ్యిండ్రి, జర కడగకుండ్రి" అని ఇంటింటికీ చెప్పాను. వాటికి ఆ పెద్దాయన దగ్గర మంచి ధర ఇప్పిస్తే, నా చేతిలో పదో ఇరవయ్యో పెట్టేవారు. పిచ్చిపిల్ల అని నవ్వినవాళ్లూ ఉన్నారు... నవ్వనీ అనుకున్నాను.

రెండేళ్లు పట్టింది. సైకిల్ వచ్చిన రోజు వెనక నాయనమ్మే కూర్చుంది. "మార్కెట్ ముంగటికెల్లి పోనియ్యి, మీ నాయిన సూడాలె" అంది!

నాయనమ్మ పోయి చాలా ఏళ్లయింది. ఆ నోటు నా ఆల్బమ్‌లో మొదటి పేజీలో ఉంది... ఎవరెంత ఇస్తానన్నా ఇవ్వను.

మొన్న మా అమ్మాయి పుట్టినరోజుకు డబ్బు ఫోన్లో పంపాను. "వచ్చాయమ్మా" అంది, సాయంత్రానికి ఖర్చయిపోయాయి. మా నాయనమ్మ ఇచ్చింది నా దగ్గరుంది... నేనిచ్చింది దాని దగ్గర ఏముంటుంది?

మీ పెద్దవాళ్లు చేతిలో పెట్టిన నోటు ఏదైనా మీ దగ్గర మిగిలి ఉంటే ఫోటో పెట్టండి... మా పిల్లను పక్కన కూర్చోబెట్టుకుని చూస్తాను.