పగడమ్మ ఒడిలో బియ్యం

నయా పైసలు కొత్తగా చేతికొచ్చి, సంతలో అందరూ లెక్క తప్పుతున్న రోజులవి. యాభై ఏడో, యాభై ఎనిమిదో అయి ఉంటుంది. ఆ ఎండాకాలం మేము ఆలేరుకు అవతల ఒక సాలెవాడలో కథకు దిగాము. పగలంతా మగ్గాల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించని వాడ అది. పొద్దుగూకి మగ్గాలు ఆగాక, అన్నాల వేళ దాకా మా కథ.

కథ చెప్పడమే మా బతుకుతెరువు. మా ఆయన సాయిలు తంబుర మీటుతూ కథ నడిపేవాడు. నేను గుమ్మెట వాయిస్తూ వంత పాడేదాన్ని. వంత అంటే వెనక నిలబడి తందాన అనడమొక్కటే అనుకుంటారు చాలామంది. అది కాదు. కథలో మంచి ఆడది ఎవరైనా నా గొంతు. గయ్యాళి ఎవరైనా మా ఆయన గొంతు. నెత్తిన కొంగు వేసుకుని నడుము మీద చెయ్యి పెట్టాడంటే చాలు, మీసాలున్న సంగతి జనం మరిచిపోయేవాళ్ళు.

అన్ని కథల్లోకీ మాకు ఎక్కువ అన్నం పెట్టింది పగడమ్మ కథ. నలుగురన్నల చెల్లెలు పగడమ్మ. మొగుడు దండుకు పోతే కాన్పుకు పుట్టింటికొస్తుంది. అన్నలు వ్యాపారానికి ఊరు దాటగానే వదినెలు ఆమెను చిల్లుకుండతో నీళ్ళు తెమ్మంటారు, దొంగతనం మోపుతారు, చివరికి నిండు కడుపుతో అడవికి వెళ్ళగొడతారు. ఆమె ఒంటరిగా కంటుంది. ఏళ్ళు గడిచాక అన్నలు వెతికి పట్టుకుని ఇంటికి తెచ్చి ఒడి బియ్యం పోస్తారు. పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, రైక గుడ్డ ఆడబిడ్డ ఒడిలో పోయడం మా దిక్కు పుట్టింటి మర్యాద. కథ ఆ ఘట్టానికి రాగానే నేను పీట మీద కూర్చుని కొంగు పట్టేదాన్ని. ఊరి ఆడవాళ్ళు లేచి వచ్చి నిజంగానే పోసేవాళ్ళు. వానలు పడ్డాక మమ్మల్ని కథకు పిలిచేవాళ్ళు ఉండరు. ఆ నెలల్లో మా పొయ్యి మీద ఉడికేది ఈ బియ్యమే.

ఆ వాడలో కథ చెప్పించింది నర్సవ్వ. మగ్గాలున్న పెద్ద ఇల్లు ఆమెది. కూతురు లక్ష్మి కాన్పుకు వచ్చి ఉంది, బిడ్డ సుఖంగా కనాలని మొక్కుకుని చెప్పిస్తోంది. అయితే తాంబూలం చేతిలో పెడుతూనే ఒక షరతు పెట్టింది.

"సాయిలూ, నా బిడ్డకు మొదటి కాన్పుల పిల్ల దక్కలే. గీసారి ఎనిమిదో నెల నడుస్తాంది. ఏడ్పులు గీడ్పులు దాని చెవున వడొద్దు. నవ్వుకుంట మొదలువెట్టి నవ్వుకుంట ఒడగొట్టు."

"అట్లనే అవ్వా," అన్నాడు మా ఆయన. పక్కకు వచ్చాక నా మీద పడ్డాడు. "ఏడ్పు తీసేస్తె గా కథల ఇంకేముంటదే?"

"ఆమె వెట్టే బువ్వ ఉంటది. చెప్పుదాం పా."

రోజుకు కొంత చొప్పున కథ మొదలుపెట్టాము. వదినెలు చిల్లుకుండ ఇవ్వాల్సిన చోట కొత్త బిందె ఇచ్చి, మళ్ళీ ఆ బిందె కూడా లాక్కుని, "నువ్వు కూసో బిడ్డా, మేం తెస్తం" అన్నారు. ముందు వరుసలో నూలు చుట్టే బాలవ్వ కూర్చుంది. పొగాకు దవడన పెట్టుకుని కాసేపు ఓపిక పట్టి, ఇక ఆగలేకపోయింది.

"ఏయ్ సాయిలు, గా వదినెలు ఏ ఊరోళ్ళు? మా మనుమరాలికి గసొంటి ఇంట్ల సంబంధం జూడాలె."

జనం ఘొల్లుమన్నారు. మా ఆయన పాట అందుకుని పగడమ్మను అడవికి షికారుకు పంపాడు. అక్కడ పులి ఎదురొచ్చి, దండం పెట్టి, దారి చూపించింది.

"దానికి ఆకలి గాలేదా?" అంది బాలవ్వ.

"తిని వచ్చింది," అన్నాడు మా ఆయన.

కష్టాలు తీసేసేసరికి కథ చిక్కి సగమైంది. మిగిలిన పొద్దు నింపడానికి ఆయన వదినెలు వండిన కూరలన్నీ రాగం తీసి పాడాడు. గుమ్మడికాయ పులుసు దగ్గరికి వచ్చేసరికి జనానికి ఆకలి పుట్టి సగంమంది లేచిపోయారు.

ఆఖరి రోజు వచ్చింది. అన్నలు వ్యాపారం నుంచి తిరిగొచ్చారు. చెల్లెలు ఎదురెళ్ళింది. నేను పీట మీద కూర్చుని కొంగు పట్టాను. మా ఆయన ఒడి బియ్యం పాట ఎత్తుకున్నాడు. ఎవరూ లేవలేదు. మళ్ళీ ఎత్తుకున్నాడు. ఒకామె చంకలోని పిల్లను ఇటు నుంచి అటు మార్చుకుంది, అంతే.

"పొయ్యిండ్రి తల్లీ, ఆడబిడ్డ ఒడి," అన్నాను నేనే.

"ఎందుకు పొయ్యాలె?" అంది బాలవ్వ. "దానికి ఏం తక్కువైంది? పులి సుత దండం వెట్టె. దాని ఒడి నిండే ఉన్నది, మాకే జర పొయ్యమను!"

జనం నవ్వారు. నాకు వానాకాలం కళ్ళ ముందు కనిపించింది. నర్సవ్వ మొహం మాత్రం తెల్లబోయింది. బిడ్డ కోసం మొక్కిన కథలో ఒడి నిండకపోవడమంటే ఆ ఇంటికి ఎంత అపశకునమో వాడలో అందరికీ తెలుసు. నవ్వు దానంతటదే ఆగిపోయింది.

ఆమె లోపలికి పరుగెత్తి తానే చాటెడు బియ్యం తెచ్చింది. నా ఒడిలో వంచబోతుంటే తలుపు దగ్గర చాప మీద కూర్చున్న లక్ష్మి గొంతు వినిపించింది.

"వద్దమ్మా. అట్ల పోస్తె లెక్కలకు రాదు."

"నువ్వు ఊకో బిడ్డా."

"ఎన్ని దినాలు ఊకోవాలె? భయమైతాందంటె ఊకోమంటవు, మొదటి పిల్ల ముచ్చట తీస్తె ఊకోమంటవు. పగడమ్మ అడివిల కన్నదా లేదా? కని బతికిందిగద! గది ఇందామని నేను కూసుంటె, మీరు నాకు గుమ్మడికాయ పులుసు చెప్తిరి."

నర్సవ్వ చాట పట్టుకుని అట్లాగే నిలబడింది. చివరికి మా ఆయన వైపు తిరిగి, "రేపు మొదటికెల్లి చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు," అంది.

మా ఆయనకు పండగే అయింది. మరునాడు కొంగు నెత్తిన వేసుకుని పెద్ద వదినె మాట విసిరాడంటే ముందు వరుస వెనక్కి జరిగింది. చిల్లుకుండ వచ్చింది, దొంగతనం వచ్చింది. నిండు కడుపుతో పగడమ్మ గడప దాటింది. అందరికంటే ఎక్కువ ఏడ్చింది నర్సవ్వే. కథ ఆ పూటకు ఆపి అన్నాలకు కూర్చుంటే, నాకు విస్తరి వేసి ఆయనకు వేయలేదు.

"కడుపుతోటున్న పిల్లను ఎల్లగొట్టినోనికి నా ఇంట్ల బువ్వనా?"

"అవ్వా, గది కథ. నేను సాయిలును."

"నాకు ఎర్కనే. అయినా నీ మొకం జూస్తె కడుపు మండుతాంది."

నా విస్తట్లోదే చెరి సగం తిన్నాము.

మరుసటి పూట అడవిలో కాన్పు. అక్కడ గుమ్మెట ఆపి లక్ష్మి వైపు చూశాను. కానీయమని చేత్తో సైగ చేసింది. పాడాను. పులి ఈసారి దండం పెట్టలేదు, పగడమ్మే పొత్తిళ్ళలో బిడ్డను పట్టుకుని దాని కళ్ళలోకి చూస్తూ వెనక్కి వెనక్కి నడిచింది. బాలవ్వ పొగాకు నమలడం మరిచిపోయింది.

అన్నలు చెల్లెలిని ఇంటికి తెచ్చారో లేదో, నేను పీట మీద సరిగ్గా కూర్చోనేలేదు, బాలవ్వ చాటతో వచ్చేసింది. "జరుగుండ్రి! అన్నలు ఎట్లనో ఆలిశ్యం జేసిన్రు, నేనన్న ముందుగాల పోస్త." ఆమె వెనక వాడంతా కదిలింది. నా కొంగు నిండి, ముడి వేసి, దుప్పటి పరిచినా సరిపోలేదు.

లక్ష్మి ఆఖరున వచ్చింది. వంగలేదు కనుక నేనే లేచి నిలబడి కొంగు పట్టాను. దోసిట బియ్యం పోస్తూ మెల్లగా అడిగింది.

"అక్కా, నొప్పులొచ్చినప్పుడు పగడమ్మ ఏ చెట్టు వట్టుకున్నది?"

అన్నేళ్ళు పాడాను కానీ ఆ సంగతి నేనెన్నడూ ఆలోచించలేదు. "మోదుగు చెట్టు," అన్నాను.

"గట్టిగ వట్టుకున్నదా?"

"కొమ్మ ఇరిగేదాక."

నవ్వింది. "అయితె నాకు ఫికర్ లేదు. మా ఇంట్ల మగ్గం గుంజ ఉన్నది."

తల్లీ పిల్లా సుఖంగా ఉన్నారని వానాకాలం చివర ఆ దిక్కు నుంచి వచ్చినవాళ్ళు చెప్పారు. మగ్గం గుంజ మాత్రం ఒక పక్కకు ఒరిగిందట.

ఏడిపిస్తే బియ్యం ఎక్కువ రాలుతాయని మాకు ముందే తెలుసు. అది వ్యాపారం. ఆ సాలెవాడలో తెలిసింది వేరు. చీకట్లోకి తోసి, అక్కడి నుంచి ఒక్కొక్క అడుగు నడిపించి తెస్తేనే పగడమ్మ ఇల్లు చేరినట్టు జనానికి నమ్మకం కలుగుతుంది. అప్పుడు వాళ్ళు పోసే బియ్యం ఆమె ఒక్కదానికే కాదు, తమ ఇంటి ఆడబిడ్డలకూ పోస్తున్నట్టు ఉంటుంది. ఆ తర్వాత ఏ ఊళ్ళో చెప్పినా కాన్పు ఘట్టం దగ్గర నేను తొందరపడలేదు. అది మోదుగు చెట్టని, కొమ్మ ఎంత లావుందో, చేతికి ఎక్కడ అందిందో, అంతా చెప్పేదాన్ని. వినేవాళ్ళలో ఆ కొమ్మ ఎవరికి కావాలో మాకేం తెలుసు?